ఎడారి చిట్టి జంతువుల తిండి, టార్పర్

(ఒంగోలులో డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి.)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఎడారిలో బతికే చిన్న క్షీరదాలు ఏం తింటాయి, తిండి చాలనప్పుడు ఒంట్లో వేడిని ఎలా తగ్గించుకుంటాయి అన్నదే ఇవాళ్టి విషయం. ఇలా కొన్ని గంటలో, రోజులో ఒంటి వేడినీ ఖర్చునూ దించుకోవడాన్నే టార్పర్ అంటాం. ఈ రెండింటినీ పాఠ్యపుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాల్లో చదువుతాం. జీర్ణక్రియ ఒకచోట, సుప్తావస్థ మరోచోట. జంతువు మాత్రం ఈ రెండింటినీ ఒకే ఖాతాలో నడుపుతుంది. ఎంత తిన్నదీ, ఏ రకం కొవ్వు తిన్నదీ తెలియకుండా అది ఎంత చల్లబడుతుందో, ఎన్ని గంటలు అలా ఉంటుందో చెప్పలేం. నేను చెప్పదలచింది ఇదే. మిగతాదంతా దీనికి లెక్కలు.

కనిగిరి, పొదిలి, ఉదయగిరి మెట్టల్లో వాన తక్కువే గాని అవి ఎడారులు కావు. ఈ రోజు మాట్లాడుకునే జంతువులు అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా ఇసుకల్లోవి, ఆస్ట్రేలియా నడిబొడ్డు ఎర్రమట్టిలోవి. లెక్క కట్టడానికి మాత్రం మన సజ్జ గింజల్నే తీసుకుందాం. వాటి బరువు, పోషక విలువ మీకు తెలిసినవే కదా.

ముందు శరీర పరిమాణం చూద్దాం. 20 గ్రాముల ఎలుక ఒకటి ఉందనుకోండి. శరీర బరువును బట్టి జీవక్రియ ఖర్చును చెప్పే క్లైబర్ సూత్రం ప్రకారం కదలకుండా, హాయిగా ఉన్నప్పుడు కూడా దానికి రోజుకు సుమారు 3.7 కిలో క్యాలరీలు కావాలి. శరీర బరువు తగ్గేకొద్దీ గ్రాముకు అయ్యే ఖర్చు పెరుగుతుంది. 15 గ్రాముల జంతువులో ఒక్కో గ్రాము కణజాలం 60 కిలోల మనిషి కణజాలం కంటే దాదాపు 8 రెట్లు వేగంగా ఇంధనం కాలుస్తుంది. బయట తిరిగి, చలికి తట్టుకుని, గింజలు ఏరుకోవాలంటే ఆ 3.7 కాస్తా సుమారు మూడింతలై 11 కిలో క్యాలరీలవుతుంది. 100 గ్రాముల సజ్జలో సుమారు 350 కిలో క్యాలరీలుంటాయి. అంటే మన ఎలుకకు రాత్రికి 3 గ్రాముల సజ్జ కావాలి. వెయ్యి సజ్జ గింజలు అటూ ఇటూగా 10 గ్రాములు తూగుతాయి. కాబట్టి రాత్రికి 300 గింజలు, అవి కూడా ఒక్కొక్కటిగా ఇసుకలో వెతికి తీసినవి. వాన పడని ఏడు 300 గింజలు ఎక్కడ దొరుకుతాయి? సమస్య మొదలయ్యేది ఇక్కడే.

తిండితోపాటు నీళ్ళ సంగతీ చూడాలి. కంగారూ ఎలుకల మీద క్నూట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ ష్మిట్-నీల్సన్ అరిజోనాలో చేసిన పరిశోధనల్ని జంతుశాస్త్రం చదివేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఈ ఎలుకలు ఎండు గింజలు తింటూ నీళ్ళు తాగకుండానే బతుకుతాయి. గింజలోని పిండి పదార్థం ఒంట్లో కాలినప్పుడు నీరు పుడుతుంది. గ్రాము పిండికి 0.56 గ్రాములు, గ్రాము కొవ్వుకు 1.07 గ్రాములు, గ్రాము మాంసకృత్తుకు సుమారు 0.4 గ్రాములు. 100 గ్రాముల ఎండు బార్లీ నుంచి 54 గ్రాముల నీరు వస్తుందని వాళ్ళు లెక్కకట్టారు.

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. గ్రాముకు 1.07 అనగానే నీళ్ళ కోసం కొవ్వు తినడమే మంచిదని రాసేస్తారు. ఒంటె మూపురం నీళ్ళ తొట్టి అన్న నమ్మకాన్ని కూడా ఇలాగే సమర్థిస్తారు. జంతువు గ్రాముల లెక్కన కాదు, క్యాలరీల లెక్కన తింటుంది. పైగా కొవ్వు కాలడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గ్రాము కొవ్వుకు సుమారు 2 లీటర్లు, గ్రాము పిండికి 0.83 లీటరు. ఆక్సిజన్ కోసం ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఊపిరితిత్తుల నుంచి ఆవిరి పోతుంది. లీటరు ఆక్సిజన్ ఖర్చుకు పిండి 0.67 గ్రాముల నీరిస్తే కొవ్వు 0.53 మాత్రమే ఇస్తుంది. నీటికొరత ఉన్నప్పుడు పిండి గింజే మేలు. మాంసకృత్తులు అన్నిటికన్నా తీసికట్టు. వాటి నుంచి పుట్టే యూరియాను బయటికి పంపడానికి మూత్రంలో నీళ్ళు ఖర్చవుతాయి.

దీన్ని ష్మిట్-నీల్సన్‌లు ఒక చక్కటి ప్రయోగంతో చూపించారు. కంగారూ ఎలుకలకు బార్లీకి బదులు మాంసకృత్తులు దండిగా ఉన్న సోయాబీన్ పెట్టారు. నీళ్ళు లేకుండా బతికిన ఎలుకలే అప్పుడు నీళ్ళు లేక క్షీణించాయి. వాటికి సముద్రపు నీళ్ళిస్తే తాగి నిలదొక్కుకున్నాయి. మన కొత్తపట్నం తీరంలో దాహంతో ఉన్న మనిషి సముద్రపు నీళ్ళు తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. మన మూత్రపిండాలు 1,200 నుంచి 1,400 మిల్లీఆస్మోల్స్ (చిక్కదనానికి కొలమానం) వరకే మూత్రాన్ని చిక్కబరచగలవు. కంగారూ ఎలుకవి 5,500 దాకా పోతాయి. ఆస్ట్రేలియా గెంతుడు ఎలుక నోటోమిస్ అలెక్సిస్‌లో 9,370 నమోదైంది. ఇదే తర్కంతో చూస్తే, 11 శాతం మాంసకృత్తులున్న సజ్జ తినే ఎలుకకూ, 20 శాతం ఉన్న శనగ తినే ఎలుకకూ నీటి అవసరం ఒకటి కాదు. మీ పొలాల్లో బొరియల దగ్గర దొరికిన పొట్టును చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ముక్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. కంగారూ ఎలుక వదిలే ఊపిరి ముక్కు దారిలోనే చల్లబడి తేమను అక్కడే వదిలేస్తుంది. గింజల్ని తేమగా ఉండే బొరియలో దాచడం వల్ల అవి కొంత నీరు పీల్చుకుంటాయి. ఇలా ఇన్ని ఏర్పాట్లు ఉన్నాయి కాబట్టే కంగారూ ఎలుక టార్పర్‌లోకి పోవడం చాలా అరుదు. గింజలు దాచుకుంటే సరిపోతుంది.

నిల్వ చేసుకోలేని జంతువుల సంగతి వేరు. టార్పర్ అవసరం వాటికే ఎక్కువ.

ఆస్ట్రేలియాలోని కొవ్వుతోక డన్నార్ట్‌ను తీసుకోండి. 10 నుంచి 20 గ్రాముల సంచి జంతువు. చూడ్డానికి ఎలుకలా ఉన్నా ఎలుక కాదు. తినేది మిడతలు, పురుగులు, సాలీళ్ళు. పురుగు ఒంట్లో మూడింట రెండొంతుల దాకా నీరే కాబట్టి దానికి దాహం బాధ తక్కువ. అయితే పురుగుల్ని మూటకట్టి దాచలేదు. శీతాకాలం రాత్రి ఎడారిలో మంచు పేరుకునేంత చలి ఉంటుంది. అప్పుడు పురుగులు కదలవు, కనిపించవు. ఖర్చు గరిష్ఠంగా ఉండే రోజుల్లోనే రాబడి కనిష్ఠం. దాని దగ్గర ఉన్న నిల్వల్లా తోకలో కొవ్వే. గ్రాము కొవ్వులో 9 కిలో క్యాలరీలు. 20 గ్రాముల జంతువుకు మామూలు విశ్రాంతి స్థితిలో గ్రాము కొవ్వు రెండున్నర రోజులు కూడా రాదు. అదే జీవక్రియను 30 శాతానికి దించితే 8 రోజులొస్తుంది.

టార్పర్ అంటే ఏమిటో ఇప్పుడు చూద్దాం. ఇది నిద్ర కాదు, నీరసం అంతకన్నా కాదు. మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడికి పెట్టుకున్న హద్దును తానే కిందికి దించుతుంది. వేడి పుట్టించడం ఆగుతుంది, ఒళ్ళు చుట్టూ ఉన్న చలికి దగ్గరగా వస్తుంది. కొత్త హద్దుకు చేరాక మళ్ళీ అక్కడ నిలబెడుతుంది. చలి అంతకన్నా పెరిగితే మళ్ళీ వేడి పుట్టిస్తుంది. నివురుగప్పిన నిప్పు అని మనమనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. చలికి చచ్చుబడిపోయిన జంతువుకూ దీనికీ ఉన్న తేడా ఒక్కటే. టార్పర్‌లో ఉన్నది బయటి వేడి ఏమీ లేకపోయినా తనంతట తాను వేడెక్కగలదు, చచ్చుబడినది వేడెక్కలేదు.

రెండు రకాలున్నాయి. ఒకటి దినసరి టార్పర్. 24 గంటలు దాటదు, ఒంటి వేడి సాధారణంగా 10 నుంచి 20 డిగ్రీల మధ్యకో, కొంచెం పైకో దిగుతుంది. జీవక్రియ విశ్రాంతి స్థాయిలో సుమారు 30 శాతానికి పడుతుంది. రెండోది దీర్ఘ సుప్తావస్థ. రోజులు, వారాలు సాగుతుంది, జీవక్రియ 5 శాతానికి దిగుతుంది. ఈ విభజనను ఎక్కువగా పరిశీలించినవారు ఫ్రిట్జ్ గైజర్, థామస్ రుఫ్. ఎడారి చిట్టి జంతువుల్లో దినసరి టార్పరే ఎక్కువ. రాత్రి మొదటి జాముల్లో తిరిగి తినడం, తెల్లవారుజామున చలి ముదిరేసరికి దిగిపోవడం, పొద్దెక్కాక లేవడం.

లాభమెంతో లెక్క కడదాం, కాగితం మీద వేసుకోండి. మన 20 గ్రాముల జంతువు 20 డిగ్రీల బొరియలో 8 గంటలు మామూలు వేడితో పడుకుంటే ఖర్చు విశ్రాంతి స్థాయికి సుమారు మూడింతలు, అంటే 3.7 కిలో క్యాలరీలు. అదే 8 గంటలు టార్పర్‌లో ఉంటే 0.37. లేచేటప్పుడు 20 డిగ్రీల నుంచి 37కు వేడెక్కాలి. గ్రాము కణజాలాన్ని ఒక డిగ్రీ పెంచడానికి 0.83 క్యాలరీ. ఆ లెక్కన 20 గ్రాములకు 17 డిగ్రీలంటే 0.28 కిలో క్యాలరీ. వేడెక్కుతున్నంతసేపూ వేడి బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి రెట్టింపు వేసుకుంటే సుమారు 0.6. ఒళ్ళు చల్లబడేది కూడా క్రమంగానే కాబట్టి కొంత తీసేయండి. చివరికి రాత్రికి రెండున్నర కిలో క్యాలరీలు మిగులుతాయి, అంటే 70 సజ్జ గింజలు. 300 గింజలు వెతకాల్సింది 230తో సరిపోతుంది.

నీళ్ళు కూడా మిగులుతాయి. 37 డిగ్రీల గాలి లీటరుకు 44 మిల్లీగ్రాముల ఆవిరిని మోస్తుంది, 20 డిగ్రీల గాలి 17 మాత్రమే. ఊపిరి సంఖ్య తగ్గడం సరే, ఒక్కో ఊపిరిలో పోయే తేమ కూడా సగానికి పైగా తగ్గిపోతుంది.

లేచే ఖర్చును ఇంకా తగ్గించే ఉపాయం డన్నార్ట్‌లకు తెలుసు. ఎండ. ఒంటి వేడి 15 డిగ్రీల దగ్గర ఉండగానే, నిదానంగా పాకుతూ పగుళ్ళలోంచి బయటికి వచ్చి ఎండలో కూర్చుంటాయి. వాటి దగ్గరి చుట్టమైన చారల ముఖం డన్నార్ట్ మీద ప్రయోగశాలలో వేడి దీపం కింద కొలిస్తే, తిరిగి వేడెక్కడానికి అయ్యే ఖర్చు 6 రెట్ల దాకా తగ్గింది. సంచి జంతువులకు ఇది మరీ ముఖ్యం. ఎలుకల్లో, గబ్బిలాల్లో ఉండే గోధుమ రంగు కొవ్వు, అంటే వణకకుండానే వేడి పుట్టించే కణజాలం, వీటిలో పనిచేసే స్థితిలో లేదు. కండరాలు వణికించి వేడెక్కాల్సిందే.

ఇక తిండికీ టార్పర్‌కూ ఉన్న లంకె. మొదట పరిమాణం. 1960ల్లో వాన్స్ టక్కర్ గింజలు తినే చిన్న ఎలుక, కాలిఫోర్నియా పాకెట్ మౌస్ మీద చేసిన పని ఇప్పటికీ చదవదగ్గది. రోజువారీ గింజలు తగ్గిస్తే ఎలుకలు టార్పర్‌లోకి పోయాయి. ఎంత తగ్గిస్తే అంత ఎక్కువసేపు ఉండి, బరువును నిలబెట్టుకున్నాయి. 15 డిగ్రీల గదిలో దిగీ దిగగానే మళ్ళీ లేచినా సరే, ఆ మూడు గంటల్లో అయ్యే ఖర్చు మామూలు ఖర్చులో సగానికి కాస్త మించిందంతే. అంటే చిన్న కునుకంత టార్పర్ కూడా గిట్టుబాటే. కానీ ఒంటి వేడి 15 డిగ్రీల కిందికి పడితే ఆ ఎలుక తనంతట తాను లేవలేకపోయింది. పొదుపుకు కూడా అడుగు హద్దు ఉంది.

ఆకలి సంగతి మెదడుకు తెలిపే సంకేతాల్లో ఒకటి లెప్టిన్, కొవ్వు కణాలు వదిలే హార్మోన్. చారల ముఖం డన్నార్ట్‌కు లెప్టిన్ ఎక్కిస్తే టార్పర్ తగ్గిపోయి శక్తి ఖర్చు పెరిగిందని 1998లో చూపించారు. కొవ్వు నిండుగా ఉందన్న కబురు అందితే పొదుపు అక్కర్లేదని ఒళ్ళు తేల్చుకుంటుందన్నమాట. అమెరికా ఎడారిలోని కాక్టస్ మౌస్ అయితే వేసవిలో తిండి గాని నీళ్ళు గాని చాలకపోతే టార్పర్‌లోకి పోతుంది. చలి ఉండాలన్న నియమం లేదు.

రెండోది నాణ్యత. దీన్ని మన దగ్గర ఎవరూ సరిగ్గా బోధించడం లేదని నా బాధ, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

1987లో గైజర్, కెనగీ అమెరికా చిప్‌మంక్‌ల (చిన్న ఉడుతల) మీద ప్రయోగం చేశారు. ఒక గుంపు మేతలో పొద్దుతిరుగుడు నూనె, ఇంకో గుంపు మేతలో గొర్రె కొవ్వు కలిపారు. పొద్దుతిరుగుడు నూనె తిన్నవి ఎక్కువసేపు టార్పర్‌లో ఉన్నాయి, ఇంకా చల్లబడ్డాయి, ఖర్చు తగ్గింది. తర్వాత డీర్ మౌస్‌లోనూ, డన్నార్ట్‌లోనూ ఇదే దారి కనిపించింది. కారణం లినోలెయిక్ ఆమ్లం. క్షీరదాలు దీన్ని ఒంట్లో తయారుచేసుకోలేవు, మొక్క నుంచి గాని, మొక్క తిన్న పురుగు నుంచి గాని రావాల్సిందే. పొద్దుతిరుగుడులో ఇది సుమారు 60 శాతం, నువ్వుల నూనెలో 40 దాటుతుంది, వేరుశనగ నూనెలో 30 దగ్గర. కొబ్బరినూనెలోనూ, గొర్రె కొవ్వులోనూ చాలా తక్కువ.

ఇది ఎలా పనిచేస్తుంది? కొబ్బరినూనె మార్గశిరంలో గడ్డకడుతుంది, పొద్దుతిరుగుడు నూనె కట్టదు. కణాల పొరల్లో కూడా కొవ్వు ఆమ్లాలే ఉన్నాయి గనుక, అసంతృప్త ఆమ్లాలు ఎక్కువైతే చలిలో కూడా పొర కొంత మెత్తగా ఉండి, దానిలోని పంపులు పనిచేస్తాయని మొదట అనుకున్నారు. ఇది కొంతవరకే నిజం. పొర మెత్తదనమే సర్వమైతే ఒమెగా-3 ఆమ్లాలు ఇంకా మేలు చేయాలి. అవేమో కొన్ని జంతువుల్లో టార్పర్‌ను అడ్డుకున్నాయి. ఇప్పుడు ఎక్కువగా గుండె మీద దృష్టి పెడుతున్నారు. చల్లబడిన గుండె కణంలో కాల్షియం పేరుకుంటే లయ తప్పుతుంది. మనిషి ఒంటి వేడి 28 డిగ్రీల కిందికి పడితే గుండె గతి తప్పే ప్రమాదం ఉండేది ఇందుకే. ఆ కాల్షియాన్ని తిరిగి కణంలోని నిల్వ గదిలోకి తోసే సెర్కా పంపు చుట్టూ ఒమెగా-6 రకం లినోలెయిక్ ఆమ్లం ఉంటే అది చలిలో కూడా చురుగ్గా నడుస్తుందని రుఫ్, ఆర్నాల్డ్ 2008లో వివరించారు. నాకు ఇదే ఎక్కువ నమ్మదగ్గ వివరణగా కనిపిస్తుంది.

అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. అసంతృప్త కొవ్వు ఆక్సీకరణానికి లోనై కణాన్ని దెబ్బతీస్తుంది. మధ్యస్థంగా ఉన్న మేత దగ్గరే టార్పర్ బాగా సాగుతుంది.

ఈ సంగతిని మీ ప్రయోగశాలలో పరీక్షించాలనుకునేవాళ్ళు జాగ్రత్తలు రాసుకోండి. నూనె కలిపితే మేత క్యాలరీలు పెరుగుతాయి, రెండు గుంపులకూ కొవ్వు శాతం సమానంగా ఉండాలి. కొవ్వు రకం మాత్రమే మారాలి. మేతను వారానికొకసారి తాజాగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. కనరెక్కిన నూనె ఇస్తే మీరు కొలిచేది లినోలెయిక్ ప్రభావం కాదు, చెడిపోయిన నూనె ప్రభావం. బజారు పెల్లెట్లలో ముందే సోయా నూనె ఉంటుంది, దాని మీద ఇంకో నూనె పోస్తే తేడా తేలదు. కణాల పొరలు మారడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, మూడోరోజే కొలిచి ఫలితం లేదని రాయకండి. మేత తగ్గించే ప్రయోగాల్లో రోజూ ఒకే వేళకు తూచి, బరువు 15 శాతం తగ్గగానే ఆపేయాలి. జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు. బయట పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

ఆక్సిజన్ కొలిచే చోట ఎక్కువమంది గాలి వేగం దగ్గర తప్పు చేస్తారు. జంతువు ఉన్న డబ్బాలోకి నిమిషానికి 200 మిల్లీలీటర్ల గాలి పంపుతున్నారనుకోండి. విశ్రాంతిలో ఉన్న మన 20 గ్రాముల జంతువు 20 డిగ్రీల దగ్గర నిమిషానికి సుమారు 1.6 మిల్లీలీటర్లు తీసుకుంటుంది, అంటే ఆక్సిజన్ తేడా 0.8 శాతం, తేలిగ్గా కనిపిస్తుంది. టార్పర్‌లో అది 0.16 మిల్లీలీటరు, తేడా 0.08 శాతం. మామూలు ఎనలైజర్ ఊగిసలాటలోనే అది కలిసిపోతుంది. వేగం మరీ తగ్గిస్తే డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. జంతువు దిగిందని తెలిశాక వేగాన్ని కొంత తగ్గించి, గాలిని ముందే సిలికా జెల్‌తో ఆరబెట్టి, ప్రతి గంటకూ ఖాళీ గాలితో సరిచూసుకోండి.

బయట రేడియో ట్రాన్స్‌మిటర్ వాడితే బరువు జంతువు బరువులో 5 శాతం దాటకూడదు. 20 గ్రాములకు ఒక్క గ్రాము. అమర్చే ముందు నీటి తొట్టిలో 10 నుంచి 40 డిగ్రీల వరకు 5 డిగ్రీల మెట్లుగా సరిచూడాలి, తిరిగి దొరికాక మళ్ళీ సరిచూడాలి. మధ్యలో బ్యాటరీ తగ్గేకొద్దీ రీడింగు పక్కకు జరుగుతుంది.

బోనుల విషయం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే జంతువు చస్తుంది. అల్యూమినియం బోను పొద్దుగూకాక పెట్టి, ఎండ తగలకముందే తీయాలి. రేకు డబ్బా చలికి చల్లారిపోతుంది, ఎండకు కాలిపోతుంది. లోపల గుప్పెడు ఎండుగడ్డి, రాత్రికి సరిపడా గింజలు, అంటే 10 గ్రాములకు తగ్గకుండా వేయండి. చిటికెడు ఎర మాత్రమే పెడితే అందులో చిక్కిన జంతువు ఆకలితో టార్పర్‌లోకి పోతుంది. తెల్లవారి చేతికి చల్లగా, బిగుసుకుని తగులుతుంది. చచ్చిందని పారేయవద్దు. ఊపిరి చాలాసేపు ఆగి ఆగి వస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలు పొట్ట వైపు చూడండి. 25, 30 డిగ్రీల నీడలో గడ్డి మధ్య ఉంచి దానంతట అది లేవనివ్వండి. నోట్లో నీళ్ళు, చక్కెర నీళ్ళు పోయకండి, మింగే స్థితిలో ఉండదు. వేడి దీపం మరీ దగ్గర పెడితే చర్మం కాలుతుంది, లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. మాటిమాటికీ కదిలిస్తే ప్రతిసారీ వేడెక్కడానికి కొవ్వు ఖర్చవుతుంది. ఒక రాత్రి మిగుల్చుకున్నదంతా రెండుసార్ల కుదుపుతో పోతుంది.

టార్పర్‌కు జంతువు చెల్లించే మూల్యం ఇంకొకటుంది. 15 డిగ్రీల దగ్గర అది పరుగెత్తలేదు, పామునుంచీ గుడ్లగూబనుంచీ తప్పించుకోలేదు. చూలుతో ఉన్నవీ, పాలిచ్చేవీ చాలా జాతుల్లో టార్పర్‌ను మానుకుంటాయి, పిల్ల పెరుగుదల మందగిస్తుంది గనుక. ఆస్ట్రేలియాలోని మరో సంచి జంతువు ముల్గారాలో మాత్రం చూలుతో ఉన్న ఆడవి కూడా టార్పర్‌లోకి పోవడం బయట అడవిలోనే నమోదైంది. శీతాకాలంలో కొవ్వు మిగుల్చుకుని, పాలిచ్చే రోజులకు దాచుకుంటాయని ఒక వివరణ.

ప్రశ్న: సార్, మన దగ్గరి జంతువుల్లో టార్పర్ ఉందా?

ఉంది. మన ఇళ్ళలో తిరిగే చిట్టెలుక, మస్ మస్క్యులస్, ఒక పూట పస్తుంటే చల్లటి గదిలో టార్పర్‌లోకి పోతుంది. ప్రయోగశాల తెల్ల చిట్టెలుకలతో మీరే చూడవచ్చు. దక్షిణ భారతంలో కూడా ఉన్న, 2 గ్రాముల బరువుండే ఎట్రుస్కన్ చుంచు కూడా పోతుంది. గబ్బిలాల్లో మామూలే. పొలం పందికొక్కు దారి వేరు, అది వెన్నులు కోసి బొరియలో దాచుకుంటుంది. ఆ బొరియలో గింజల గది ఎటువైపు ఉంటుందో, పిల్లల గది ఎటువైపు ఉంటుందో మన యానాదులకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ దొరకదు. బొరియల మీద పనిచేసే విద్యార్థి ముందు వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, వాళ్ళ సమయానికి తగిన కూలి ఇవ్వాలి, వ్యాసంలో వాళ్ళ సాయాన్ని రాయాలి. తమిళనాడులో, దక్షిణ ఆంధ్ర పొడినేలల్లో ఉండే మద్రాస్ హెడ్జ్‌హాగ్ ఒంటి మీద ముళ్ళుండే, పురుగులు తినే చిన్న జంతువు, దాని మీద పని చేయదగ్గది చాలా ఉంది.

ప్రశ్న: రోహిణి కార్తెలో రాత్రి కూడా 30 డిగ్రీలుంటుంది కదా, అప్పుడు చల్లబడేది ఎలా? టార్పర్ వల్ల లాభమేమిటి?

మంచి ప్రశ్న. మడగాస్కర్‌లోని కొవ్వుతోక మరుగుజ్జు లెమూర్ ఏడు నెలలు చెట్టు తొర్రలో సుప్తావస్థలో ఉంటుంది, తొర్ర వేడెక్కితే దాని ఒంటి వేడి కూడా 30 దాటుతుంది, అయినా జీవక్రియ అణగే ఉంటుంది. కాబట్టి వేడిలో టార్పర్ అసాధ్యం కాదు. లాభం ఎంతన్నదే చూడాలి. మన 20 గ్రాముల జంతువు 30 డిగ్రీల బొరియలో ఉంటే వేడి నిలుపుకోవడానికి అదనపు ఖర్చు దాదాపు లేదు. ఒళ్ళు 37 నుంచి 31కి దిగితే, ప్రతి 10 డిగ్రీలకు జీవక్రియ రెండున్నర రెట్లు తగ్గుతుందనుకున్నా, ఖర్చు 58 శాతానికి మాత్రమే వస్తుంది. 8 గంటలకు మిగిలేది అర కిలో క్యాలరీ. లేచే ఖర్చు తీసేస్తే పది పదిహేను సజ్జ గింజలు. ఇంతకుముందు 20 డిగ్రీల దగ్గర లెక్కకట్టినవి 70. మన వేసవిలో టార్పర్ ఉంటే అది గింజల కోసం కన్నా నీళ్ళ కోసం కావచ్చు. అది తేలాలంటే ముందు బొరియ వేడి తెలియాలి. పొదిలి మెట్టలోనో, ఉదయగిరి కొండ కిందో ఒక బొరియ పక్కన 10, 30, 60 సెంటీమీటర్ల లోతుల్లో మూడు ఉష్ణోగ్రత లాగర్లు పాతి, గంటకొక రీడింగు చొప్పున చైత్రం నుంచి ఆషాఢం దాకా తీయండి. మట్టిని తవ్విన గుంతలోకి వదులుగా పోయకుండా, తవ్విన వరుసలోనే తిరిగి దిమ్మిస కొట్టండి. వదులు మట్టిలో గాలి దూరితే 60 సెంటీమీటర్ల లాగర్ కూడా పైనేల వేడినే చూపిస్తుంది.